మాట ఉన్నప్పుడే మాట్లాడుకుందాం, నాన్నా

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈ ఉత్తరం నా పిల్లల పిల్లలకు మాత్రమే రాయడం లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నా, డాలస్‌లో చదువుకుంటున్నా, ఊళ్లోనే ఉండి అమ్మానాన్నల్ని కనిపెట్టుకుని ఉన్నా, ఆ వయసు పిల్లలంతా నా మనవలే అనుకుని రాస్తున్నాను. ఇంతమందికి రాస్తున్నా ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టే ఉంది. అందుకే నువ్వనే పిలుస్తాను, నాన్నా.

మా వయసు వాళ్లం "నేను పోయాక" అని నోరు తెరిస్తే చాలు, "ఇప్పుడా మాటలెందుకు, నీకేం, నూరేళ్లుంటావు" అని అడ్డుపడిపోతారు మీరు. ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. మేం లేని ఇల్లు ఊహకు వస్తేనే మీకు గుండె జారిపోతుందనీ తెలుసు. కానీ బంగారూ, అలా అడ్డుపడినప్పుడల్లా మేం చెప్పాల్సింది మా గొంతులోనే ఉండిపోతోంది. అది తెలియక రేపు మీరే ఇబ్బంది పడతారు. నేను ఎనభైకి దగ్గర పడ్డాను. కళ్లు కనబడుతూ, చెయ్యి వణక్కుండా, మాట తడబడకుండా ఉన్నప్పుడే ఇది రాసేస్తే నాకు నిశ్చింత.

మా నాయనమ్మకు ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. దాని అడుగున ఉతికి మడతపెట్టిన ఒక నేతచీర, గుడ్డలో ముడేసిన కొంత డబ్బు, కాశీ నుంచి వచ్చిన ఒక రాగిచెంబు ఉండేవి. గుప్పిట్లో పట్టేంత చెంబు అది. మూతికి మాటు వేసి ఉండేది. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గంగ చప్పుడయ్యేది. కాశీయాత్ర చేసొచ్చినవాళ్లు అలాంటి చెంబులు తెచ్చి చుట్టాలకు పంచేవారు, చాలా ఇళ్లలో దేవుడి గూట్లో ఒకటి కనబడేది. వేసవిలో పెట్టెలోవన్నీ ఎండకు తీసినప్పుడు నాయనమ్మ మాకు చూపించేది. చీర తన ఆఖరి ప్రయాణానికి. డబ్బు కట్టెలకూ దినాలకూ, ఆ పూట కొడుకులు ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదని. చెంబు చివరి ఘడియలో మాటు విప్పి నోట్లో పొయ్యడానికి. "పెద్దాడు ఊళ్లో లేకపోతే చిన్నాడు పోస్తాడు, ఇద్దరూ లేకపోతే నువ్వే పొయ్యాలే పిల్లా" అనేది నాతో. ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు ఎంత మామూలుగా మాట్లాడేదో అంత మామూలుగా అనేది. ఎవరికి ఎంత బాకీ ఉందో, తన చేతి గాజులు ఏ కోడలికి ఎందుకు ఇవ్వాలో కూడా చెప్పేది. మేం పిల్లలం వింటూ మామిడిపండు జుర్రుకుంటూ ఉండేవాళ్లం. ఆవిడ పోయిన రోజున ఇంట్లో ఏడుపు ఉంది గానీ, తత్తరపాటు లేదు. ఎవరేం చెయ్యాలో అందరికీ తెలుసు. చెంబు మాటు విప్పింది చిన్నాన్న.

ఆ రోజులన్నీ మంచివని నేను అనడం లేదు. నొప్పికి మందు లేక ఎంతోమంది రోజుల తరబడి మూలుగుతూ పోయారు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా లేదు, మాటకు విలువ లేదు. అవి మళ్లీ రాకూడదు. నాకు బెంగ అంతా ఆ ట్రంకుపెట్టె గురించి. పోయేవాళ్లు ఉండేవాళ్లకు దారి చెప్పి పోయే ఆ మర్యాద మన ఇళ్లలోంచి వెళ్లిపోయింది. అది వెళ్లిపోవడానికి మీరు కారణం కాదమ్మా. మా తరంలోనే పోయింది. జబ్బు ఇంట్లోంచి ఆసుపత్రికి మారింది, పిల్లలు దూరాలకు వెళ్లారు, పట్నాల్లో ఇళ్లు అద్దెవయ్యాయి. అద్దె ఇంట్లోకి శవాన్ని తీసుకురావద్దని యజమాని కచ్చితంగా చెప్పేసే ఊళ్లు నేను చూశాను. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టరు చెబితే, ఏ ఇంటికి తీసుకెళ్లాలో తెలియక ఆసుపత్రి మెట్ల మీద కూలబడిన కుటుంబాల్నీ చూశాను. వీటన్నిటితో పాటు మేం నోరు కట్టేసుకున్నాం. చావు మాట ఎత్తితే అశుభం, పైన తథాస్తు దేవతలుంటారు అని ఒకర్నొకరం ఊరుకోబెట్టుకున్నాం.

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషిని. కళ్లు మూసినవాళ్లను ఎందరినో ఈ చేతుల్తో సవరించాను. అయినా మీ తాతయ్య విషయంలో నేను చేసింది చూడు. ఆయన స్నేహితుడు ఒకాయన ఊపిరితిత్తులు చెడిపోయి, గొట్టాల మధ్య చాలా రోజులుండి పోయారు. ఆ చావుకు వెళ్లొచ్చి, కాళ్లు కడుక్కుని, వరండాలో కుర్చీలో కూర్చుని ఆయన "నన్ను మాత్రం ఎప్పుడూ..." అని మొదలుపెట్టారు. నేను వంటింట్లోంచే "ఊరుకోండి, సంధ్యవేళ ఏం మాటలవి" అన్నాను. ఆయన ఊరుకున్నారు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. కొన్నేళ్లకు మెదడులో రక్తనాళం చిట్లి, ఒక్క పూటలో మాట పడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం, వెంటిలేటర్ పెట్టారు. రోజులు గడిచాక ఒక చిన్న గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, "మెదడు కోలుకునే ఆశ లేదు, ఏం చెయ్యమంటారు" అని డాక్టరు అడిగారు. పెద్దాడు అర్ధరాత్రి వేళ అమెరికా నుంచి ఫోన్లో ఉన్నాడు. చిన్నాడు గోడకేసి చూస్తున్నాడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "నాన్నకేది ఇష్టమమ్మా" అంది. అన్నేళ్లు కాపురం చేసిన నాకు జవాబు తెలియలేదు, నాన్నా. ఆ వాక్యంలో మొదటి మూడు మాటలే నా దగ్గరున్నాయి. మిగిలింది ఆయన నోట్లో ఉండగా నేనే ఆపేశాను. చివరికి అందరం కలిసి ఏదో నిర్ణయించాం. ఈ రోజుకీ పెద్దాడు మనం తొందరపడ్డాం అనుకుంటాడు, అమ్మాయి మనం నాన్నని అనవసరంగా అన్ని రోజులు బాధపెట్టాం అనుకుంటుంది. ఇద్దరూ ఆ సంగతి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆయన చెప్పిపోయి ఉంటే నా బిడ్డలకు ఈ బరువు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ బరువు దించే దారి ఒకటి చట్టంలోనే ఉంది. ముంబైలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు గురించి నువ్వు వినే ఉంటావు. 1973లో పనిచేసే ఆసుపత్రిలోనే ఒక దుర్మార్గుడి చేతిలో చిక్కి, స్పృహ లేని స్థితిలోకి వెళ్లి, 2015లో పోయేదాకా అలాగే మంచం మీద ఉండిపోయింది. తోటి నర్సులు అన్నేళ్లూ కన్నబిడ్డలా చూసుకున్నారు. నర్సుగా నాకు అది తల్చుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆమె గురించి వేసిన కేసులోనే 2011లో సుప్రీంకోర్టు మొదటిసారిగా, కోలుకునే ఆశ లేని మనిషికి ప్రాణాన్ని సాగదీసే చికిత్సను హైకోర్టు అనుమతితో ఆపవచ్చంది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమనీ, నాకు ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చనీ చెప్పింది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది సామాన్యుల వల్ల కాలేదు. 2023 జనవరి 24న దాన్ని సులువు చేశారు. పద్దెనిమిదేళ్లు నిండి, బుద్ధి స్థిమితంగా ఉన్న ఎవరైనా, ఎవరి బలవంతం లేకుండా, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేసుకుంటే చాలు. నా తరఫున మాట్లాడేది ఫలానావారు అని నమ్మకమైనవాళ్ల పేర్లు అందులో రాయాలి. ఒక ప్రతి వాళ్లకు, ఒకటి మనల్ని చూసే డాక్టరుకు, ఒకటి పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో అందుకు నియమించిన అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చి రాసుకోవచ్చు.

భయపడకు. ఎవరో ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారేమో అని చాలామంది అడుగుతారు. అది నేరం, ఇప్పటికీ నేరమే. కాగితం రాసుకున్నంత మాత్రాన జ్వరమొచ్చినా వైద్యం చెయ్యరనీ కాదు. మనం మాట్లాడే స్థితిలో ఉన్నంతకాలం మన నోటిమాటే లెక్క, కాగితం తియ్యనే తియ్యరు. మాట పోయి, ఇక బాగయ్యే ఆశ లేదని తేలితేనే అది పనికొస్తుంది. అప్పుడైనా ఒక్క డాక్టరు మాట మీద నడవదు. చూస్తున్న డాక్టరుతో పాటు కనీసం ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా కూర్చోవాలి. జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో ఇంకో బోర్డు దాన్ని మళ్లీ చూడాలి. ఇంత కాపలా ఉంది. కాగితం లేకపోయినా కుటుంబం ఒప్పుకుంటే ఈ దారి ఉంది గానీ, అప్పుడు మళ్లీ ఆ చిన్నగదిలో అదే ప్రశ్న, మీ అందరి మొహాలూ ఒకరివైపు ఒకరు తిప్పుకోవడం. నేను తప్పించాలనుకుంటున్నది దాన్నే.

ఇక్కడ నర్సుగా నీకొకటి చెప్పాలి తల్లీ, ఇది బాగా గుర్తుపెట్టుకో. చికిత్స ఆపడం అంటే చూసుకోవడం ఆపడం కాదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి తగ్గిపోతుంది. మనకు అది చూడలేక, ముద్ద మింగితేనే బలం వస్తుందని బలవంతాన నోట్లో కుక్కుతాం. అది గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి ఉక్కిరిబిక్కిరవుతాడు. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోతున్నాడు కాబట్టే తినలేకపోతున్నాడు. ఈ ఒక్క సంగతి తెలియక, అమ్మకు ఆఖర్న ఇంత అన్నం పెట్టలేకపోయానని జన్మంతా కుమిలిపోయే కొడుకుల్ని, కూతుళ్లను చూశాను. ఆ సమయంలో చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి. దూదిని నీళ్లలో ముంచి పిండి పెదవులు, నాలుక తడిపి, పెదవులు పగలకుండా కాస్త కొబ్బరినూనె రాయాలి. వీపున పుళ్లు పడకుండా రెండేసి గంటలకు మెల్లగా పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య ఒక మెత్త పెట్టాలి. పక్కబట్ట ముడతలు లేకుండా లాగాలి. దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుని, మామూలు గొంతుతో ఇంటి సంగతులు చెప్పాలి. పలకకపోయినా వినబడుతుందనే అనుకుని మాట్లాడాలి.

నొప్పి సంగతి ఇంకా ముఖ్యం. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్రలు బాగా పనిచేస్తాయి. మత్తుమందుల చట్టం భయంతో ఏళ్ల తరబడి అవి ఆసుపత్రుల్లోనే దొరకని రోజులు నాకు తెలుసు. 2014లో ఆ చట్టాన్ని సవరించాక కొంత సులువైంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. స్పర్శ్ హాస్పీస్‌లో డబ్బు తీసుకోకుండా చివరి రోజులు చూసుకుంటారు. తెలంగాణలో "ఆలన" పేరుతో జిల్లాల్లో కేంద్రాలు పెట్టారు, మంచం దిగలేనివాళ్ల దగ్గరకు సిబ్బందే వెళ్తారు. కేరళలో అయితే 1993లో కోజికోడ్‌లో కొద్దిమంది మొదలుపెట్టిన ఇలాంటి సేవ వీధివీధికీ పాకి, 2008లో ఆ రాష్ట్రం దేశంలోనే మొదటగా దానికొక విధానం చేసుకుంది. అక్కడ చదువుకునే పిల్లలు కూడా ఇరుగుపొరుగున మంచాన పడ్డవాళ్ల దగ్గరకు వెళ్లి కూర్చుంటారు. మన దగ్గరా మీ వయసు పిల్లలు తలుచుకుంటే ఎందుకు కాదు? సెలవు రోజున ఒక గంట. మీకు ఆ దేవుడు ఆయుష్షు పెంచుతాడు.

దానం గురించి కూడా చెబుతాను. 2004 డిసెంబరులో హైదరాబాదు కుర్రాడు వెంకటేశ్ కోసం వాళ్లమ్మ హైకోర్టుకు వెళ్లిన సంగతి అప్పట్లో మా వార్డులో అందరం మాట్లాడుకున్నాం. కండరాలు క్షీణించిపోయే జబ్బు, పాతికేళ్ల పిల్లాడు, చదరంగం బాగా ఆడేవాడు. ఎలాగూ పోతున్నాను, అవయవాలు పాడవకముందే తీసి ఎవరికైనా ఇవ్వండి అన్నాడు. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ నెలలోనే పోయాడు. కళ్లు మాత్రం ఇవ్వగలిగారు. తర్వాత ఆ కథ మీద "సలామ్ వెంకీ" అని హిందీ సినిమా కూడా వచ్చింది. అతను అడిగింది అప్పుడు చట్టానికి అందలేదు. మనం ఇవ్వగలిగింది మాత్రం చాలా ఉంది. కళ్లకయితే వయసు అడ్డు లేదు, కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా తీసుకుంటారు. పోయిన ఆరు గంటల్లోపు కావాలి, అంతే. రెప్పలు మూసి, వాటి మీద తడిదూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచి, ఎల్.వి. ప్రసాద్ లాంటి కంటి ఆసుపత్రికి గానీ దగ్గర్లోని నేత్రనిధికి గానీ ఫోన్ చేస్తే వాళ్లే ఇంటికి వస్తారు. మొహం ఏమీ మారదు. మెదడు పనిచేయడం ఆగిపోయిందని తేల్చినప్పుడు మిగిలిన అవయవాలు ఇవ్వడానికి జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ఉంది. శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వచ్చు. 2024లో కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. ఆ మరుసటి నెలలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కళ్లు ఎల్.వి. ప్రసాద్‌కు, దేహం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కార్డు మీద సంతకం పెట్టినా ఆ వేళకు ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ముందు ఇంట్లో చెప్పాలి. నా కళ్లు ఇచ్చేయండి. ఎవరైనా పెద్దవాళ్లు అడ్డు చెబితే ఈ ఉత్తరం చూపించు.

ఆస్తి మాటలు తొందరగా ముగిస్తాను, అవి మీరు నాకంటే బాగా చదువుకోగలరు. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టరు చేస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. బ్యాంకులో నామినీ పేరు ఉంటే డబ్బు అతనిదైపోయిందని చాలామంది అనుకుంటారు. నామినీ అందుకునే చెయ్యి మాత్రమే, హక్కు వారసులది. ఆడపిల్లల సంగతి నాకు ప్రాణం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అయినా "అక్కయ్యా, ఇక్కడో సంతకం పెట్టు" అని కర్మల గుడారంలోనే కాగితం చేతికిచ్చే అన్నదమ్ములు ఇప్పటికీ ఉన్నారు. మగపిల్లలూ, మీరు అలా అడక్కండి నాన్నా. ఆడపిల్లలూ, ఏడుస్తున్న కళ్లతో ఏ సంతకమూ పెట్టకండి. మా వయసు వాళ్లకు కూడా ఒక మాట చెప్పు. ఉన్నదంతా బతికుండగానే పిల్లలకు రాసేస్తే, చూసుకుంటాననే షరతు పత్రంలో రాయించుకోవాలి. అలా ఉంటే, చూడనప్పుడు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరకు వెళ్లి ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. నా పాస్‌బుక్కులు, బీమా కాగితాలు, ఫోను తాళం అంకెలు ఒక నల్లట్ట నోటుబుక్కులో రాసి బీరువా పై అరలో పెట్టాను. ఆ ఫోను నంబరును వెంటనే ఆపించకండి, బ్యాంకువాళ్ల ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఇప్పుడు కష్టమైన మాట. మా వీధిలో ఎవరు పోయినా ఫ్రీజరు పెట్టె తెస్తున్నారు. అమెరికా నుంచి కొడుకు రావాలి, ఆస్ట్రేలియా నుంచి కూతురు రావాలి. గాజుపెట్టె మోటారు రాత్రంతా గుయ్యిమంటూ ఉంటుంది, ఇంట్లో వాళ్లు తిండీ నిద్రా లేక దాని చుట్టూ కూర్చుంటారు. పిల్లలు విమానంలో ఒక్కళ్లే ఏడుస్తూ వచ్చి, ఒక్క గంట మొహం చూసి, శ్మశానానికి వెళ్తారు. వాళ్ల బాధ నాకు తెలుసు. అందుకే నీకు ఇప్పుడే సెలవిస్తున్నాను. నా కోసం ఆ పెట్టె వద్దు. దగ్గరున్నవాళ్లు ఎవరైతే వాళ్లే చేసెయ్యండి, కూతురైనా మనవరాలైనా తలకొరివి పెట్టవచ్చు, నేను ఒప్పుకుంటున్నాను. రాలేకపోయానని నువ్వు ఏ రోజూ బాధపడకు. ఆ టికెట్టు డబ్బుతో నేను లేచి తిరుగుతున్నప్పుడు రా. గారెలు వండిపెడతాను, నా పక్కన పడుకో, ఎన్ని మాటలైనా చెప్పుకుందాం.

మీ అమ్మానాన్నల్ని నువ్వే అడగాలి, నాన్నా. వాళ్లు తమంతట తాము చెప్పరు, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక. ఆసుపత్రి వరండాలో అడక్కు, పండగపూట అందరి ముందూ అడక్కు. ఇద్దరూ కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడో, రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాప పరుచుకున్నప్పుడో అడుగు. "అమ్మా, నీకు మాట పోతే నీ తరఫున ఎవరు మాట్లాడాలి? ఆసుపత్రిలో ఉండాలనుందా, ఇంట్లోనా? ఎంత నొప్పి వరకూ భరిస్తానంటావు, దేనికి వద్దంటావు?" ఇంతే. కోప్పడితే ఆ రోజుకు వదిలెయ్యి, మళ్లీ ఇంకోసారి అడుగు. ఏడిస్తే పక్కనే ఉండు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకు, మీ తాతయ్యను నేను ఆపినట్టు. నీ సంగతి కూడా ఆలోచించుకో. ఈ మాట అంటుంటే నా గొంతు పట్టేస్తోంది, నువ్వు నిండా నూరేళ్లూ పిల్లాపాపలతో వర్ధిల్లాలి. కానీ బండి మీద తిరిగే వయసు నీది. అమెరికాలో అయితే ఆసుపత్రిలో చేరగానే ఇలాంటి కాగితం ఉందా అని అడగాలని 1990లోనే చట్టం చేశారు. అక్కడ ఒంటరిగా చదువుకుంటున్న పిల్లలు ఎవరి పేరు చెబుతారు? ఆలోచించి, ఆ స్నేహితుడికో స్నేహితురాలికో ముందే చెప్పి పెట్టుకోండి. హెల్మెట్ పెట్టుకోండి.

నా కాగితం నేను రాసుకున్నాను. ఊపిరికి గొట్టం వద్దన్నాను, నొప్పికి మందు మాత్రం లోటు చెయ్యొద్దన్నాను, మా వరండా కిటికీ పక్కన మంచం వెయ్యమన్నాను. సాక్షులుగా పక్కింటి పంతులమ్మ, పాలకేంద్రం అబ్బాయి వస్తామన్నారు. నా తరఫున మాట్లాడడానికి పెద్ద మనవరాలి పేరు రాసి, ముందు దాన్ని అడిగాను. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఒక ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, ఒంట్లో అంతా బాగుండి, మతిమరుపుతో మమ్మల్నెవర్నీ గుర్తుపట్టకుండా, అయినా నవ్వుతూ కూర్చుని ఉన్నావనుకో. అప్పుడు నీకు న్యుమోనియా వస్తే వైద్యం చేయించమంటావా, వద్దంటావా?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎంతోమంది ముసలివాళ్లను చూసిన నర్సును, నా గురించి నాకే తెలియలేదు. ఒక రోజు చేయించమనిపిస్తోంది, ఇంకో రోజు వద్దనిపిస్తోంది. అది తేలాకే నోటరీ దగ్గరకు వెళ్తాను. ఈలోగా నీకేమనిపిస్తుందో నువ్వూ రాయి.

ఆయురారోగ్య ఐశ్వర్యాలతో కలకాలం చల్లగా ఉండండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ